నర్సింగ్ డిగ్రీ మొత్తం ఆన్‌లైన్, "ఫుల్లీ అక్రెడిటెడ్" అంటున్నారు. చేరొచ్చా? (టెక్సస్, హెచ్4)

ఇర్వింగ్_ఇల్లాలు
హెచ్4 (హెచ్1బీ వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఉన్నాను, ఈఏడీ (ఉద్యోగం చేసుకునే అనుమతి) వచ్చింది. ఇండియాలో బీఎస్సీ మైక్రోబయాలజీ. పెళ్ళి, పాప, ఈ దేశం రావడం, అన్నీ కలిసి చాలా గ్యాప్ వచ్చేసింది. పాప ఫస్ట్ గ్రేడ్‌కి వచ్చింది కాబట్టి ఇప్పుడు నర్సింగ్ చేద్దామని గట్టిగా అనుకుంటున్నాను. ఏదో వెబ్‌సైట్‌లో "మీకు సరిపడే ప్రోగ్రామ్ వెతుక్కోండి" అని ఉంటే వివరాలు నింపాను. ఆ రోజు నుంచి ఫోన్ మోగుతూనే ఉంది.

వాళ్ళలో ఒకావిడ అస్సలు వదలట్లేదు. బీఎస్ఎన్ (నర్సింగ్‌లో బ్యాచిలర్స్) మొత్తం ఆన్‌లైనేనట, ఇంట్లోంచి కదలక్కర్లేదట, ఫుల్లీ అక్రెడిటెడ్, అంటే గుర్తింపు పూర్తిగా ఉందట. శుక్రవారంలోగా డిపాజిట్ కట్టకపోతే సీటు పోతుందట. మా ఆయన "అక్రెడిటెడ్ అంటున్నారుగా, కట్టేద్దాం" అంటున్నారు. నాకే ఎక్కడో తేడా కొడుతోంది. పేషెంట్‌ని ముట్టుకోకుండా నర్సు ఎలా అవుతారు? ఇక్కడ ఈ దారిలో వెళ్ళినవాళ్ళు ఉంటే చెప్పండి ప్లీజ్.

జెర్సీ_బావ
శుక్రవారంలోగా అన్నారా? అది కాలేజీ కాదండీ, ఆషాఢం సేల్.

నైట్‌షిఫ్ట్_ఆర్ఎన్
మీ అనుమానం సరైందే. నేను హ్యూస్టన్‌లో ఐసీయూలో చేస్తాను. ఆవిడ మళ్ళీ ఫోన్ చేస్తే ఒక్కటే అడగండి: ఇది ప్రీ-లైసెన్సరా, ఆర్ఎన్-టు-బీఎస్ఎన్నా?

రెండోది ఇప్పటికే ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) లైసెన్స్ ఉన్నవాళ్ళ కోసం. ఏడీఎన్ (నర్సింగ్‌లో అసోసియేట్ డిగ్రీ, బ్యాచిలర్స్ కంటే చిన్నది) చేసి, ఎన్‌క్లెక్స్ (లైసెన్స్ పరీక్ష) పాసై, ఉద్యోగం చేసుకుంటూ బ్యాచిలర్స్ పూర్తి చేసుకునేవాళ్ళు చదువుతారు. అది నిజంగానే ఆన్‌లైన్‌లో అయిపోతుంది. యూటీ ఆర్లింగ్టన్‌లో ఉన్నది అలాంటిదే. వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీలో అయితే ఆరు నెలలకి ఒకటే ఫీజు, ఆ ఆరు నెలల్లో ఎన్ని కోర్సులు లాగించగలిగితే అన్ని. రెండిటికీ సీసీఎన్ఈ అక్రెడిటేషన్ ఉంది. మంచివే. కానీ మీకు పనికిరావు.

మీకు కావలసింది ప్రీ-లైసెన్సర్, అంటే లైసెన్స్ లేనివాళ్ళని మొదటి లైసెన్స్‌కి తయారుచేసేది. అందులో థియరీ ఆన్‌లైన్‌లో పెట్టే కాలేజీలు ఉన్నాయి. స్కిల్స్ ల్యాబ్‌కీ, క్లినికల్స్‌కీ (ఆసుపత్రిలో పేషెంట్లతో చేసే శిక్షణ) మాత్రం మనిషి వెళ్ళాల్సిందే. వార్డులో నిలబడకుండా ఆర్ఎన్ లైసెన్స్ వచ్చే దారి ఏ రాష్ట్రంలోనూ లేదు. "మొత్తం ఆన్‌లైన్" అని ఎవరైనా అన్నారంటే మీకు అక్కర్లేని డిగ్రీ అన్నా అమ్ముతూ ఉండాలి, లేదా అబద్ధమన్నా చెప్తూ ఉండాలి.

ఫ్రిస్కో_టెకీ
ఈఏడీ ఉందిగా, ఈ క్లినికల్స్ గోల ఎందుకు? సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ట్రైనింగ్ తీసుకుని ఏదో ఒక ప్రాజెక్టులో దూరితే పోలా. మా కజిన్ అలాగే చేసింది.

నైట్‌షిఫ్ట్_ఆర్ఎన్
@ఫ్రిస్కో_టెకీ ఆవిడ నర్సింగ్ గురించి అడిగారు. మీ కజిన్ ప్రాజెక్ట్ ఇప్పుడు నడుస్తోందా?

ఫ్రిస్కో_టెకీ
బెంచ్ మీద ఉందిలెండి.

జెర్సీ_బావ
😂😂

ప్లానో_పంతులు
అక్రెడిటేషన్ విషయం కొంచెం విడదీసి చెప్తాను. నేను కమ్యూనిటీ కాలేజీలో పనిచేస్తున్నాను, నర్సింగ్ డిపార్ట్‌మెంట్ కాదు, అయినా ఈ కాగితాలు రోజూ చూస్తాను.

"ఫుల్లీ అక్రెడిటెడ్" అన్నప్పుడు ఏది అని అడగాలి. యూనివర్సిటీ మొత్తానికి ఉండే అక్రెడిటేషన్ ఒకటి, నర్సింగ్ ప్రోగ్రామ్‌కి విడిగా ఉండేది ఇంకొకటి. ఫోన్‌లో మాట్లాడే వాళ్ళు మొదటిది చూపించి రెండోది కూడా ఉన్నట్టు మాట్లాడతారు. నర్సింగ్‌కి ఇచ్చే సంస్థలు ముఖ్యంగా సీసీఎన్ఈ, ఏసీఈఎన్, ఎన్ఎల్ఎన్ వాళ్ళ సీఎన్ఈఏ. సీసీఎన్ఈ బ్యాచిలర్స్, ఆపైన చూస్తుంది, ఏడీఎన్ దాని పరిధిలోకి రాదు. ఏసీఈఎన్ ఎల్‌వీఎన్ (ఆర్ఎన్ కంటే కింది లైసెన్స్) స్థాయి నుంచి డాక్టరేట్ దాకా చూస్తుంది. కాబట్టి కమ్యూనిటీ కాలేజీ ఏడీఎన్‌కి సీసీఎన్ఈ లేదే అని కంగారు పడకండి.

కాలేజీ పేజీలో ఉన్న లోగోని నమ్మొద్దు. అక్రెడిటేషన్ ఇచ్చే సంస్థ సైట్‌లోకే వెళ్ళి కాలేజీ పేరు, క్యాంపస్, డిగ్రీ స్థాయి మూడూ చూడండి. అక్కడ "అప్లికెంట్" అనో "క్యాండిడేట్" అనో ఉంటే ఇంకా అక్రెడిటేషన్ రాలేదనే అర్థం. ఫోన్‌లో మాత్రం అది "ఆల్మోస్ట్ వచ్చేసింది" అయిపోతుంది.

ఒహాయో_ఆర్ఎన్
పంతులుగారూ, అక్రెడిటేషన్‌ని మరీ ఎత్తేస్తున్నారు. నేను చదివిన ఏడీఎన్‌కి ఆ మూడింట్లో ఏదీ లేదు. స్టేట్ బోర్డు (రాష్ట్ర నర్సింగ్ బోర్డు) అప్రూవల్ ఉంది, ఎన్‌క్లెక్స్ రాశాను, ఉద్యోగం వచ్చింది. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. ముందు చూడాల్సింది బోర్డు అప్రూవల్. అది లేకపోతే పరీక్షే లేదు.

ప్లానో_పంతులు
@ఒహాయో_ఆర్ఎన్ ముందు చూడాల్సింది బోర్డు అప్రూవల్ అన్నది ఒప్పుకుంటాను. అక్కర్లేదన్నదే ఒప్పుకోను. రేపు బీఎస్ఎన్‌కో మాస్టర్స్‌కో వెళ్దామంటే చాలాచోట్ల అక్రెడిటెడ్ ప్రోగ్రామ్ నుంచి వచ్చారా అని అడుగుతారు. వెటరన్స్ ఆసుపత్రులు (వీఏ) అయితే ఉద్యోగానికే అడుగుతాయి. ఇంత డబ్బు, ఇన్నేళ్ళు పెట్టేటప్పుడు ఆ తలుపులు ముందే ఎందుకు మూసుకోవాలి?

ఒహాయో_ఆర్ఎన్
వీఏ సంగతి నిజమే. మాస్టర్స్ నాకు వద్దు, కాళ్ళు ఇప్పటికే అరిగిపోయాయి.

ఇర్వింగ్_ఇల్లాలు
అప్‌డేట్: ఆవిడ ఫోన్ చేసింది. నైట్‌షిఫ్ట్ గారు చెప్పినట్టే అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మీకు ఆర్ఎన్ లైసెన్స్ లేదా?" అని నన్నే అడిగింది!! లేదని మొదటి ఫోన్‌లోనే చెప్పాను కదా అంటే, "పర్లేదు, మీ కోసం ప్రీ-నర్సింగ్ హెల్త్ సైన్స్ ట్రాక్ ఉంది, డిపాజిట్ అదే" అంది. పెట్టేశాను.

జెర్సీ_బావ
డిపాజిట్ అదే 🙏 ఆ ఒక్క ముక్క మాత్రం నిజం చెప్పింది.

అట్లాంటా_అమ్మ
డిపాజిట్ కట్టనందుకు సంతోషం. నేను ఏబీఎస్ఎన్ (యాక్సిలరేటెడ్, అంటే త్వరగా అయ్యే బీఎస్ఎన్) చేశాను, మీలాగే వేరే డిగ్రీ ఉన్నవాళ్ళకి అది దగ్గరదారి. ప్రీ-రిక్విజిట్స్ (చేరడానికి ముందే పూర్తి చేయాల్సిన కోర్సులు) అయ్యాక పన్నెండు నుంచి పద్దెనిమిది నెలల్లో బీఎస్ఎన్ వస్తుంది. మాది హైబ్రిడ్: లెక్చర్లు ఇంట్లోంచి, ల్యాబ్ వారానికోసారి, క్లినికల్స్ ఆసుపత్రిలో పన్నెండు గంటల షిఫ్టులు. పొద్దున ఆరున్నరకి ఫ్లోర్ మీద ఉండాలి. పాపని స్కూల్లో దింపేది ఎవరో ఇప్పుడే మాట్లాడుకోండి, అప్పుడు కాదు.

ఆన్‌లైన్ పరీక్షల సంగతి కూడా చెప్పాలి. కెమెరా ఆన్, బ్రౌజర్ లాక్, గది మొత్తం తిప్పి చూపించాలి. మా అత్తయ్యగారు వెనకనుంచి కాఫీ తెచ్చి "చల్లారిపోతుంది తాగమ్మా" అన్నారు. సిస్టమ్ దాన్ని ఎవరో జవాబు అందిస్తున్నట్టు పట్టుకుంది. ప్రొఫెసర్‌కి కాఫీ గురించి మెయిల్ రాసుకోవాల్సి వచ్చింది.

డెంటన్_డైరీ
అత్తయ్యగారు చేసింది క్లినికలే కదా, పేషెంట్ కేర్.

హ్యూస్టన్_హనుమ
ఏబీఎస్ఎన్ బాగానే ఉంటుంది కానీ ఖర్చు సంగతి అట్లాంటా అక్క చెప్పలేదు. ప్రైవేటు ఏబీఎస్ఎన్ ఫీజుకీ కమ్యూనిటీ కాలేజీ ఏడీఎన్ ఫీజుకీ పొంతనే ఉండదు, ఎన్నో రెట్లు. పైగా హెచ్4కి ఫాఫ్సా (ప్రభుత్వ విద్యాసాయం) రాదు, ఫెడరల్ లోన్ లేదు. ప్రైవేట్ లోన్ అంటే సిటిజనో గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళో కో-సైనర్‌గా దొరకాలి. మా ఆవిడ డాలస్ వైపే కమ్యూనిటీ కాలేజీలో ఏడీఎన్ చేసి, ఆసుపత్రిలో చేరి, వాళ్ళు ఇచ్చే ట్యూషన్ డబ్బుతోనే ఆన్‌లైన్ ఆర్ఎన్-టు-బీఎస్ఎన్ చేస్తోంది. ఎన్‌క్లెక్స్ ఇద్దరికీ ఒకటే, లైసెన్స్ మీద ఏడీఎన్ అని ఉండదు.

అట్లాంటా_అమ్మ
లైసెన్స్ ఒకటే, ఇంటర్వ్యూ ఒకటి కాదు. పెద్ద ఆసుపత్రులు కొత్తవాళ్ళలో బీఎస్ఎన్ ఉన్నవాళ్ళనే ముందు పిలుస్తాయి. న్యూయార్క్‌లో అయితే 2017లో చట్టమే చేశారు, ఆర్ఎన్ అయిన పదేళ్ళలో బీఎస్ఎన్ తెచ్చుకోవాలని.

హ్యూస్టన్_హనుమ
ఆవిడ ఉన్నది ఇర్వింగ్‌లో కదండీ, న్యూయార్క్‌లో కాదు. పదేళ్ళు టైమిచ్చారు కూడా.

అట్లాంటా_అమ్మ
ఏడీఎన్ సీటు అంత తేలిగ్గా వస్తుందా? పాయింట్లు, టీస్ (నర్సింగ్ ఎంట్రెన్స్) స్కోరు, వెయిటింగ్... ఆ ఆగే కాలంలో నేను జీతం తీసుకున్నాను. అది కూడా లెక్కలోకి రావాలి.

హ్యూస్టన్_హనుమ
ఆ పాయింట్ ఇస్తాను.

నైట్‌షిఫ్ట్_ఆర్ఎన్
రెండు దారుల్లోనూ మనుషులు నా యూనిట్‌లో ఉన్నారు, రాత్రి మూడింటికి పేషెంట్ క్రాష్ అయితే ఎవరు ఏ డిగ్రీయో ఎవరికీ గుర్తుండదు. స్కూలు ఎంచుకునేటప్పుడు ఎన్‌క్లెక్స్ పాస్ శాతం చూడండి. టెక్సస్ బోర్డు ప్రతి స్కూలుకీ మొదటిసారి రాసినవాళ్ళ లెక్క తన సైట్‌లో పెడుతుంది, 80 శాతం కంటే తగ్గితే స్కూలు సంజాయిషీ ఇచ్చుకోవాలి.

అయితే ఆ శాతం కూడా సగం కథే. కొన్ని స్కూళ్ళు చివర్లో ఎగ్జిట్ పరీక్ష పెట్టి అందులో తప్పినవాళ్ళని ఎన్‌క్లెక్స్ దాకా రానివ్వవు. శాతం మెరిసిపోతుంది. అందుకని "మొదలుపెట్టినవాళ్ళలో ఎంతమంది టైముకి పూర్తి చేస్తున్నారు?" అని అడగండి. తడబడితే మీకు అర్థమైపోతుంది.

సియాటిల్_చెట్టు
వేరే రాష్ట్రం కాలేజీ ఆన్‌లైన్ ప్రోగ్రామ్ అయితే ఇంకో మెలిక. వాళ్ళ రాష్ట్రంలో అప్రూవల్ ఉన్నంత మాత్రాన మీ రాష్ట్రంలో చెల్లుతుందని లేదు, మీ ఊళ్ళో క్లినికల్స్ పెట్టే అనుమతి ఉండాలి. కాలేజీ సైట్‌లో "ప్రొఫెషనల్ లైసెన్సర్ డిస్‌క్లోజర్" అనే పేజీ వెతకండి. రాష్ట్రాలవారీగా ఉంటుంది. మీ రాష్ట్రం పక్కన "నిర్ధారించలేదు" అనే అర్థంలో ఏదైనా రాసి ఉంటే పక్కన పెట్టేయండి.

నేను చేస్తున్నది ఆన్‌లైన్ ఎఫ్ఎన్‌పీ (ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్), అంటే ఆర్ఎన్ తర్వాతది. సీసీఎన్ఈ ఉంది, బోర్డు ఓకే, అంతా పద్ధతిగానే ఉంది. ప్రిసెప్టర్‌ని (క్లినిక్‌లో దగ్గరుండి నేర్పేవాళ్ళని) మాత్రం నువ్వే వెతుక్కో అన్నారు. క్లినిక్కులకి ఫోన్లు చేసి చేసి గొంతు పోయింది. చివరికి మా పిల్లల డాక్టర్ జాలిపడి ఒప్పుకుంది. చేరేముందు "క్లినికల్ సైట్ ఎవరు చూపిస్తారు?" అనే ప్రశ్నకి జవాబు మెయిల్‌లో రాయించుకోండి. ఫోన్‌లో చెప్పింది గాలికి పోతుంది.

ఇర్వింగ్_ఇల్లాలు
సియాటిల్ గారూ, అది నోట్ చేసుకున్నాను. రేపో మాపో మేం వేరే స్టేట్ మారితే? మా ఆయన ప్రాజెక్ట్ సంగతి తెలీదు.

సియాటిల్_చెట్టు
చదువు మధ్యలో మారితే కష్టమే, ముఖ్యంగా క్లినికల్స్ మధ్యలో. లైసెన్స్ వచ్చాక అయితే టెక్సస్ కాంపాక్ట్‌లో (ఒకరి నర్సింగ్ లైసెన్స్‌ని ఒకరు ఒప్పుకునే రాష్ట్రాల ఒప్పందం) ఉంది కాబట్టి మల్టీస్టేట్ లైసెన్స్‌తో మిగతా కాంపాక్ట్ రాష్ట్రాల్లోనూ పనిచేయొచ్చు. కాపురమే ఇంకో కాంపాక్ట్ రాష్ట్రానికి మారితే అరవై రోజుల్లోగా అక్కడి లైసెన్స్‌కి అప్లై చేయాలి. కాలిఫోర్నియా, న్యూయార్క్ కాంపాక్ట్‌లో లేవు. మల్టీస్టేట్‌కి సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉండాలి. మీకు ఈఏడీ ఉంది కాబట్టి బెంగ లేదు. ఈఏడీ లేని హెచ్4 వాళ్ళు ఈ ముక్క ముందే చూసుకోవాలి. చదవొచ్చు, ఉద్యోగం చేయలేరు.

డెంటన్_డైరీ
ఎఫ్1 (స్టూడెంట్ వీసా) వాళ్ళకి కూడా ఒక ముక్క: పూర్తి ఆన్‌లైన్ ప్రోగ్రామ్ మీద ఎఫ్1 నిలబడదు. హెచ్4కి ఆ ఇబ్బంది లేదు.

కరీంనగర్_సిస్టర్
అమెరికా వాళ్ళ మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నేను జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో చేస్తున్నాను. మా వార్డు వాట్సాప్ గ్రూపులో రోజూ వస్తోంది: "డ్యూటీ మానక్కర్లేదు, ఇంటి నుంచే ఏడాదిలో బీఎస్సీ నర్సింగ్, యూజీసీ గుర్తింపు". మాతో పనిచేసే ఒకమ్మాయి కట్టేసింది కూడా. ఇది ఉందా నిజంగా?

వరంగల్_ట్యూటర్
లేదు సిస్టర్. నర్సింగ్‌ని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూజీసీ నిషేధ జాబితాలోనే పెట్టింది, ఇంజినీరింగ్, మెడిసిన్, ఫార్మసీలతో పాటు. "యూజీసీ గుర్తింపు" అని వాళ్ళు చూపించేది ఆ యూనివర్సిటీకి ఉన్న గుర్తింపు. ఆ డిగ్రీని నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టర్ చేయదు. రిజిస్టర్ కాని డిగ్రీతో ప్రమోషన్ రాదు, ప్రభుత్వ పోస్టుకి పనికిరాదు, ఎమ్మెస్సీకి అప్లై చేయలేరు.

ఉద్యోగం మానకుండా చదవాలంటే సరైన దారి ఇగ్నో పోస్ట్ బేసిక్ (డిప్లొమా తర్వాత చేసే) బీఎస్సీ నర్సింగ్. మూడేళ్ళు. జీఎన్ఎం, ఆర్ఎన్ఆర్ఎం (నర్సు, మిడ్‌వైఫ్) రిజిస్ట్రేషన్, రెండేళ్ళ అనుభవం, ఎంట్రెన్స్ కావాలి. అదీ ఇంట్లో కూర్చుని అయ్యేది కాదు, స్టడీ సెంటర్ కాలేజీకి వెళ్ళి ప్రాక్టికల్స్ చేయాలి. దూరవిద్యే అయినా ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ దీన్ని మాత్రం ఒప్పుకుంటుంది. ఉద్యోగం మానగలిగితే రెగ్యులర్ పోస్ట్ బేసిక్ రెండేళ్ళు: తెలంగాణలో కాళోజీ యూనివర్సిటీ కింద, ఆంధ్రాలో ఎన్టీఆర్ యూనివర్సిటీ కింద.

కరీంనగర్_సిస్టర్
ఆ అమ్మాయికి ఇది చూపిస్తాను. కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా అని ఏడుస్తుందేమో. ఇంకొకటి, పోస్ట్ బేసిక్ లేకుండా అమెరికా రాలేమా?

ఒహాయో_ఆర్ఎన్
జీఎన్ఎంతోనే ఎన్‌క్లెక్స్ పాసై వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు సిస్టర్. ఏ రాష్ట్రం బోర్డు ద్వారా అప్లై చేస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. సీజీఎఫ్ఎన్ఎస్ (2025లో ట్రూమెరిట్ అని పేరు మార్చుకుంది) లాంటి చోట మీ సర్టిఫికెట్లు మదింపు చేస్తారు, థియరీ గంటలు, క్లినికల్ గంటలు సబ్జెక్టులవారీగా. ట్రాన్స్‌క్రిప్ట్ మీ చేతికిస్తే చెల్లదు, నర్సింగ్ స్కూలు నేరుగా పంపాలి. కౌన్సిల్ కూడా రిజిస్ట్రేషన్ ధ్రువీకరించి పంపాలి. ఆ స్కూలు ఆఫీసులో పని చేయించుకోవడం ఎన్‌క్లెక్స్ కంటే కష్టం, సెలవు పెట్టుకుని స్వయంగా వెళ్ళండి. కాలిఫోర్నియా మాత్రం థియరీ, క్లినికల్ ఒకే కాలంలో జరిగాయా అని చూస్తుంది, మన సర్టిఫికెట్లు చాలా అక్కడే ఆగిపోతాయి.

కరీంనగర్_సిస్టర్
థాంక్యూ మేడమ్. ఎల్లుండి ఆఫ్ ఉంది, స్కూలుకి వెళ్ళొస్తాను.

జెర్సీ_బావ
నాదొక అమాయకపు డౌటు. దొంగ డిగ్రీతో ఎన్‌క్లెక్స్ పాసైపోతే ఎవరికి తెలుస్తుంది?

నైట్‌షిఫ్ట్_ఆర్ఎన్
@జెర్సీ_బావ ఎఫ్‌బీఐకి. 2023 జనవరిలో "ఆపరేషన్ నైటింగేల్" అని బయటపెట్టారు. ఫ్లోరిడాలో మూడు నర్సింగ్ స్కూళ్ళ పేరుతో 7,600కి పైగా దొంగ డిప్లొమాలు అమ్మారు. కొన్నవాళ్ళలో వేలమంది ఎన్‌క్లెక్స్ పాసయ్యారు, అదే భయంకరమైన విషయం. తర్వాత రాష్ట్రాల బోర్డులు ఒక్కొక్కరినీ వెతికి లైసెన్సులు రద్దు చేయడం మొదలుపెట్టాయి. వాళ్ళలో కొందరు నిజంగానే మోసపోయామన్నారు. ఆ స్కూళ్ళకి బోర్డు అప్రూవల్ కూడా ఒకప్పుడు ఉంది, అందుకే నేను ఒక్క జాబితా చూసి ఊరుకోవద్దంటాను. క్లినికల్స్ ఏ ఆసుపత్రిలో చేయిస్తారో పేరు అడగండి. నిజమైన స్కూలు పేర్లు గడగడా చెప్తుంది.

జెర్సీ_బావ
నవ్వాలనిపించలేదు. సరే.

మోడరేటర్
"ఎన్‌క్లెక్స్ లేకుండానే లైసెన్స్" అని వాట్సాప్ నంబర్ పెట్టిన పోస్టు తీసేశాను. ఈ థ్రెడ్‌లోనే పెట్టాడంటే ధైర్యం మెచ్చుకోవాలి.

ఇర్వింగ్_ఇల్లాలు
మా ఆయనకి థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను. ఇప్పుడు ఆయనే టెక్సస్ బోర్డు లిస్టు ఎక్సెల్‌లో వేసి ఫిల్టర్లు పెడుతున్నారు. కమ్యూనిటీ కాలేజీ అడ్వైజర్‌ని కలిశాను. డాలస్ కాలేజీ, కాలిన్ కాలేజీ రెండిట్లోనూ ఏడీఎన్ ఉంది. ఇండియా డిగ్రీని కోర్సువారీగా మదింపు చేయించి తెమ్మన్నారు.

అసలు జోక్ వినండి. మైక్రోబయాలజీలో డిగ్రీ ఉన్న నేను మైక్రోబయాలజీ మళ్ళీ చదవాలట! సైన్స్ కోర్సులు కొన్నేళ్ళు దాటితే లెక్కలోకి రావట. అనాటమీ-ఫిజియాలజీ రెండు భాగాలు ఎలాగూ కొత్తే.

డెంటన్_డైరీ
గ్రామ్ స్టెయిన్ మీకు నిద్రలో కూడా వచ్చుగా, ఉచితంగా ఒక ఏ గ్రేడ్. అడ్మిషన్‌లో సైన్స్ జీపీఏకే పాయింట్లు ఎక్కువ, సంతోషించండి.

ఇర్వింగ్_ఇల్లాలు
ఆ కోణం తట్టలేదు! ఈ ప్రీ-రిక్విజిట్స్ అయినా ఆన్‌లైన్‌లో చేయొచ్చా? మైక్రో ఆన్‌లైన్ సెక్షన్ కనిపిస్తోంది, ల్యాబ్ కిట్ ఇంటికి పంపుతారట.

ప్లానో_పంతులు
ఇంగ్లిష్, స్టాటిస్టిక్స్, హ్యూమన్ గ్రోత్ ఆన్‌లైన్‌లో హాయిగా చేసేయండి. ల్యాబ్ ఉన్నవాటికి మాత్రం ముందు నర్సింగ్ డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ పెట్టండి. ఆన్‌లైన్ ల్యాబ్ క్రెడిట్ తీసుకోని ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. ఇప్పుడు ఏడీఎన్‌కి ఒప్పుకున్నా రేపు ఏబీఎస్ఎన్‌కి మనసు మారితే ఇబ్బంది. సాయంత్రం ల్యాబ్ సెక్షన్లు ఉంటాయి, త్వరగా నిండిపోతాయి.

అట్లాంటా_అమ్మ
ఇంకొకటి, అందరం మర్చిపోయాం. క్లినికల్స్‌కి ముందు టీబీ టెస్ట్ అడుగుతారు. మనకి చిన్నప్పుడు బీసీజీ వేశారు కాబట్టి చేతి మీద వేసే టెస్ట్ పాజిటివ్ రావొచ్చు, ఆపైన ఎక్స్‌రే, మందులు అని తిప్పుతారు. మొదటే క్వాంటిఫెరాన్ బ్లడ్ టెస్ట్ అడగండి. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్, హెపటైటిస్ బి టైటర్లు (టీకా రక్షణ ఉందో లేదో చూసే రక్త పరీక్షలు) కూడా. ఇండియా టీకాల కార్డు అమ్మవాళ్ళింట్లో ఎక్కడుందో ఇప్పుడే వెతికించండి.

ఇర్వింగ్_ఇల్లాలు
అమ్మకి ఇప్పుడే ఫోన్ చేశాను. కార్డు లేదుగానీ నా భుజం మీద బీసీజీ మచ్చ ఉందిగా అంటోంది.

హ్యూస్టన్_హనుమ
మా ఆవిడకీ కార్డు దొరకలేదు. టైటర్లు చేయించి, తక్కువ వచ్చినవాటికి మళ్ళీ టీకా వేయించుకుంది. హెపటైటిస్ బి డోసుల మధ్య నెలలు పడతాయి, అందుకే సీటు వచ్చేదాకా ఆగకండి.